కుర్చీకాలు వినిపించిన సంగీతం

మార్చి 3

మహారాజశ్రీ అక్కగారి దివ్యసముఖానికి తమ్ముడు చేతులు కట్టుకుని విన్నవించునది,

నేను కులాసా. నా చెవులు మాత్రం మీ ఇంట్లో గడిపిన సెలవు నుంచి ఇంకా తేరుకోలేదు. ఈ కాలంలో కూడా అక్కాతమ్ముళ్లు కాగితం మీద మాట్లాడుకోవలసిన గతి మనకే పట్టింది. ఫోను తీగలోని గుర్రు పాటల్లోకి దిగుతోందని ఫోనునే పీకించేసిన మహానుభావుణ్ణి నువ్వు కట్టుకున్నావు, నేను బావా అని పిలుస్తున్నాను. ఇద్దరం అనుభవించాల్సిందే.

నీకు అలవాటైపోయి కనబడటం లేదు గానీ, ఆ ముందుగదిని ఒక్కసారి పరాయిదానిలా చూడు. తీగ నేలకు తగిలితే పాట మసకబారుతుందని ప్రతి తీగ కిందా ఒక బుల్లి పీట. మనుషులం నేల మీద కూర్చున్నాం, తీగలు పీటల మీద కూర్చున్నాయి. ఫ్యూజును తిప్పి పెడితే కరెంటు సరైన దిక్కు నుంచి వస్తుందట. "కరెంటు క్షణం తీరిక లేకుండా దిక్కు మార్చుకుంటూనే ఉంటుంది బావా," అన్నాను. "అందుకేనోయ్, దానికి ఎవరో ఒకరు దారి చూపించాలి," అన్నాడు. ఐసు కోసం ఫ్రిజ్ పై అరలో చెయ్యి పెడితే చుట్టలు చుట్టుకుని పడుకున్న స్పీకరు తీగ చల్లగా తగిలింది. నేను వేసిన కేక నీకు గుర్తుండే ఉంటుంది. "చలికి రాగి మెత్తబడుతుంది, కొన్నాళ్లు ఉంచాలి," అన్నాడు బావ. మరి ఐసో అంటే, ఐసు వల్ల సంగీతానికేం ఉపయోగం అన్నాడు. పగలంతా కట్టుడు పళ్లు అరగదీసే మనిషి, ఆ మర చప్పుడు పొద్దస్తమానం చెవిలో పోయించుకునే మనిషి, సాయంత్రం అయ్యేసరికి ఫ్యూజు దిక్కు వినగలుగుతున్నాడంటే భౌతికశాస్త్రం చదివిన నేను ఊరుకోవడం చదువుకే అవమానం. ఆ చదువుతో కుర్చీల కార్ఖానాలో కేటలాగులు రాసుకుంటున్నాననేది వేరే సంగతి.

అందుచేత ఒక చిన్న ప్రయోగం తలపెట్టాను. రవాణాలో విరిగి తిరిగొచ్చిన భోజనాల కుర్చీ ఒకటి మా గోడౌనులో మూలన పడి ఉంది. దాని కాలు ఒకటి కోసి ముక్కలు చేశాను, నునుపు పట్టాను, పాలిష్ పూశాను, అడుగున మెత్తటి గుడ్డ అతికించాను. వాటికి 'నిశ్శబ్ద పాదాలు' అని నామకరణం చేశాను. యాంప్లిఫయరు కింద, స్పీకర్ల కింద పెట్టుకోవాలి. మా లారీ డ్రైవరు వేరే ఊళ్లో పోస్టు చేస్తాడు. పంపినవాళ్ల పేరుండదు. 'మీవంటి శ్రోతలకు పరీక్షార్థం' అని మాత్రం ఉంటుంది. లోపల కరపత్రం నా జీవితంలో నేను రాసిన వాటిలోకెల్లా ఉత్తమ రచన. చివరి నాలుగు వాక్యాలు నీ కోసం ఇక్కడ దింపుతున్నాను.

"ఈ పాదాలు శబ్దానికి ఏమీ చేర్చవు. శబ్దానికీ మీకూ మధ్య ఉన్నదాన్ని తీసివేస్తాయి. తీసివేసినది ఏమిటో తర్ఫీదు పొందిన చెవికి మాత్రమే తెలుస్తుంది. వినిపించనివారు దిగులుపడవద్దు; లోపం పాదాలలో లేదు."

ఆ చివరి ముక్క కోసం ఒక మధ్యాహ్నమంతా నమిలాను. మళ్లీ సెలవుకి వచ్చినప్పుడు మూడు కాళ్ల కుర్చీని, ఆదివారాలు మీ ఇంట్లో పాటలు వినడానికి చేరే సభలో ప్రవేశపెడతాను. అంతవరకు నువ్వు నోరు కుట్టేసుకోవాలి.

ఇట్లు,
విజ్ఞానశాస్త్రానికి అంకితమైన నీ తమ్ముడు


మార్చి 14

ఒరేయ్ వెధవా,

పార్సెలు వచ్చింది. నవ్వి నవ్వి నాకు పక్కలు పట్టేశాయి.

మీ బావ పళ్ల అచ్చుల సుద్ద చేతులకి ఉండగానే విప్పారు. కరపత్రం నిలబడే చదివారు, తర్వాత కూర్చుని చదివారు, తర్వాత చేతులు కడుక్కుని వచ్చి చదివారు. "రాసినవాడు విన్నవాడే," అన్నారు. నేను వంటింట్లోకి పరిగెత్తాను. ముక్కలు పెట్టి, పాట వేసి, కళ్లు మూసుకున్నారు. "ఇలా రా. పాట ఎత్తుకునే ముందు ఆవిడ పెదవులు విడివడ్డాయి, విన్నావా?" అన్నారు. నాకు వినిపించింది మన ఇంటి కుళాయి.

ఆదివారం సభ పూర్తిగా కూడింది. కళ్లద్దాల కొట్టాయన, "అద్దం మీద ఆవిరి తుడిచినట్టుంది," అన్నాడు. ఆయన వృత్తి ఆయన్ని వదలదు. కోర్టు గుమాస్తా, "వాయించేవాడు ఒక అడుగు వెనక్కి జరిగాడు," అన్నాడు. ఎవరు జరగమన్నారో మరి. పియానో అన్నయ్యగారు మాత్రం మూడు పాటలు విని, "నాకేం తేడా తెలీలేదయ్యా," అన్నారు. ఆయన సంగతి నీకు తెలుసుగా, ఊళ్లో పియానో ఉన్న ప్రతి ఇంటికీ, బడికీ శ్రుతి చేసేది ఆయనే. వదిన పోయాక ఆదివారాలు ఇక్కడే గడుపుతారు. పీటలప్పుడూ, ఫ్రిజ్‌లో తీగలప్పుడూ కూడా ఆయన ఇలాగే అన్నారు. అప్పుడైతే గుమాస్తా ఆయన పక్షం ఉండేవాడు. ఈసారి ఆయన ఒక్కరే. మీ బావ కరపత్రం తెచ్చి నీ చివరి వాక్యాలు పైకి చదివారు. అందరూ నవ్వారు. అన్నయ్యగారు కూడా నవ్వారు.

టీ గ్లాసులు పట్టుకుని నేను ఎలా నిలబడ్డానో నాకే తెలియదు. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నన్ను చూసి పట్టిచ్చేసేవాడివి.

అవునూ, దగ్గు తగ్గిందా? ఆ గోడౌను దుమ్ములో ముక్కుకి గుడ్డ కట్టుకో.

నీ అక్క


మార్చి 20

జయీభవ, అక్కా,

నీ ఉత్తరం కార్ఖానాలో నిలబడి చదివాను. పక్కన మేస్త్రీ, "ఎవరైనా పోయారా, భుజాలు అలా ఊగుతున్నాయి," అన్నాడు. నవ్వు లోపలే పెట్టుకుంటే అలాగే ఉంటుంది మరి.

కొంచెం గంభీరంగా ఆలోచించు. భోజనాల కుర్చీ కాలు ఒకటి ఒక గాయని పెదవులు విడదీసింది, ఒక వాయిద్యగాణ్ణి వెనక్కి నెట్టింది, ఒక అద్దాన్ని తుడిచింది. కూర్చోవడానికి పనికిరాక తిరిగొచ్చిన సరుకు. ఉన్నవాళ్లలో ఒక్కడే నిజం చెప్పాడు, ఆయనే చెవిటివాడయ్యాడు. ఇంత చక్కటి ప్రయోగం కాలేజీలో మా మాస్టారు కూడా చేసి చూపించలేదు. ఆ పియానో పెద్దాయన మళ్లీ నోరు విప్పితే రెండు పాదాలు తీసి ఆయన చెవుల్లో పెట్టమను.

కరపత్రానికి రెండో ముద్రణ వేస్తే బాగుంటుందా? 'పాదాలు నానాటికీ పరిపక్వమవుతాయి' అని ఒక వాక్యం తట్టింది. దాన్ని వాడకుండా ఉండలేకపోతున్నాను.

ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. దొంగలా ఉన్నానని మేనేజరు అన్నాడు.

ఇట్లు,
నిశ్శబ్ద పాదాల ఏకైక తయారీదారు


ఏప్రిల్ 9

తమ్ముడూ,

ఈ ఆట ఇక చాలిద్దాం. పియానో అన్నయ్యగారు రావడం మానేశారు. ఈ ఆదివారం కూడా ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. మీ బావ ఆయన గురించి మాట్లాడే తీరు నాకు నచ్చడం లేదు. "పాపం, వయసు," అంటున్నారు.

రెండో కరపత్రం పంపకు. మీ బావకి నువ్వే రాసేయ్, ఇది నీ పనేనని. నేను చెప్పలేను. ఎందుకని అడగకు.

నీ అక్క


ఏప్రిల్ 15

అక్కా, అక్కా,

అంత చిన్న ఉత్తరం నేను పుట్టాక నువ్వు నాకు ఎప్పుడూ రాయలేదు. చాకలి పద్దు కూడా ఇంతకంటే ఆప్యాయంగా ఉంటుంది. కారణం నాకు అర్థమైంది. నిజం బయటపడితే బావ ముందు నీ ముఖం ఎలా ఉంటుందోనని భయం. నీకు ముందే తెలుసని నేను చెప్పనులే. శిక్షంతా నాదే.

పియానో ఆయన సంగతంటావా, పెద్దవాళ్ల అలకలు అంతే. ఒక ఆదివారం ఎవరో నవ్వారు, రెండు ఆదివారాలు బిగుసుకున్నారు, మూడో ఆదివారం ఏదో పుస్తకం తిరిగివ్వాలనే వంకతో వస్తారు. నేను సెలవుకి వచ్చి గుట్టు విప్పేదాకా ఓపిక పట్టు. అప్పుడు ఆయన్నే అధ్యక్షుణ్ణి చేసి, మిగతావాళ్లందర్నీ నిలబెట్టి చప్పట్లు కొట్టిద్దాం. ఇప్పుడు చెప్పేస్తే ఆయన గెలుపు కూడా చప్పగా పోతుంది. నేను ఆయన మేలే చూస్తున్నాను.

మరీ ఆగలేకపోతే నువ్వే చెప్పేయ్. నీ మొగుడేగా.

ఇట్లు,
న్యాయం వైపు నిలబడ్డ నీ తమ్ముడు


మే 2

తమ్ముడూ,

నువ్వు నీ ఉత్తరంలో ఎక్కడ నవ్వాలో అక్కడ నేను నవ్వలేకపోయాను. అలక కాదురా. నీకు చెప్పని ముక్క ఒకటి ఉంది. చెప్తే నువ్వు నన్ను ఎలా చూస్తావోనని దాచాను.

ఆ మొదటి ఆదివారం అందరూ నవ్వాక, అన్నయ్యగారు నా వైపు తిరిగారు. నేను టీ ఇస్తున్నాను. "అమ్మా, నీకీ గొడవలేం పట్టవు. నువ్వు చెప్పు. నీకు వినిపిస్తోందా?" అన్నారు. మీ బావ చూస్తున్నారు. నువ్వు నోరు కుట్టేసుకోమన్నావు. నవ్వు గొంతు దాకా వచ్చి ఉంది. ఒక్క క్షణం ఆగి, "వినిపిస్తోంది అన్నయ్యగారూ," అన్నాను. ఆయన నా ముఖంలోకి అలాగే చూశారు. తర్వాత గ్లాసు అందుకుని, "సరేనమ్మా," అన్నారు. అంతే. మన ఆటలో అదొక మంచి ఎత్తు అనుకున్నాను ఆ రోజు.

మొన్న బడిలో సంగీతం చెప్పే టీచరు కూరగాయల దగ్గర కలిసింది. బడి పియానో శ్రుతి చేయడానికి వచ్చి, ఆయన చేసి వెళ్లారట. మర్నాడు పిలవకుండానే వచ్చి మొత్తం విప్పి మళ్లీ చేశారట. ఆ మర్నాడు మళ్లీ వచ్చి, మధ్యలో ఆపేసి, ఆవిణ్ణి పిలిచి, "ఇది సరిగ్గా ఉందా అమ్మా?" అని అడిగారట. ఆవిడ కంగారుపడి, "మీకు తెలియాలి గానీ నాకేం తెలుసండీ," అంది. ఆయన పనిముట్ల సంచీ సర్దుకుని, వేరే ఎవరినైనా చూసుకోండి అని చెప్పి వెళ్లిపోయారు. పియానో సగం ఒక రకంగా, సగం ఒక రకంగా ఉండిపోయింది. ఇప్పుడు ఆయన శ్రుతి కుదిరిందో లేదో సూది ఊగి చూపించే యంత్రం ఒకటి తెచ్చుకుని, ఇంట్లో దాన్ని పెట్టుకుని కూర్చుంటున్నారట. పిలిచినా వెళ్లడం లేదు.

మీ బావకి ఇదంతా తెలుసు. ఆయన బాధపడుతున్నారు, నిజంగానే. "ఆ పాదాలే లేకపోతే ఆయన చెవి పోయిందని ఎవరికీ తెలిసేది కాదు. ఒకందుకు మంచిదే," అంటున్నారు.

నువ్వే చెప్పు అని రాశావు. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఆయనకి చెప్పాలంటే, అన్నయ్యగారికి నేను ఏం చెప్పానో కూడా చెప్పాలి.

నీ అక్క


మే 7

అక్కా,

నా చివరి రెండు ఉత్తరాలు చింపేయ్. ఆ చెవుల్లో పెట్టమన్న మాట రాసిన కాగితాన్ని అయితే ముందు చింపు.

లోపలుంది బావకి ఉత్తరం. అందులో ఒక్క హాస్యపు మాట కూడా లేదు. ఎప్పుడు కోశానో, ఏ కుర్చీదో, ఎవరు పోస్టు చేశారో అంతా రాశాను. కరపత్రం నాదేనని రుజువుగా కొట్టివేతలతో ఉన్న చిత్తుప్రతి కూడా పెట్టాను. బావ చదివాక అదే ఉత్తరాన్ని ఆ పెద్దాయనకి చూపించమని చివర వేడుకున్నాను. నీ పేరు ఎత్తలేదు.

'లోపం పాదాలలో లేదు' అన్న ముక్క కోసం ఒక మధ్యాహ్నమంతా నమిలానని నీకు గొప్పగా రాశాను కదా. ఇప్పుడు తిండి ముందు కూర్చుంటే అదే నోట్లో తిరుగుతోంది. ఆయన ఎవరో నాకు సరిగ్గా తెలియను కూడా తెలియదు. ఒకసారి గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే చూశాను.

తమ్ముడు


మే 19

తమ్ముడూ,

ఉత్తరం మీ బావ చేతిలో పెట్టాను. చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పుడాయన అన్నది విను: "మీ తమ్ముణ్ణి నేను ఇన్నాళ్లూ ఒట్టి కోతి అనుకున్నాను. ముక్కూముఖం తెలియని పెద్దమనిషి కోసం తన మీద ఇంత నింద వేసుకున్నాడు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?"

"నింద కాదండీ, నిజమే," అన్నాను. నీ చిత్తుప్రతి చూపించాను. "పాపం, కరపత్రం చూసి కూర్చుని రాసి, కొట్టివేతలు కూడా పెట్టాడు. ఎంత ఓపిక," అన్నారు. నాకూ మొదటి నుంచీ తెలుసన్నాను. నా తల నిమిరి, "తమ్ముడికి తగ్గ అక్కవి," అన్నారు.

అంతటితో ఆగలేదు. ఉత్తరం పట్టుకుని అన్నయ్యగారి ఇంటికి వెళ్లి చూపించారు. ఎలా చూపించారో ఊహించుకో, 'మా బావమరిది మనసు చూడండి' అన్నట్టు. అన్నయ్యగారు చదివి, మడిచి ఇచ్చి, "పిల్లాడు దయగలవాడు. నా తరఫున థాంక్స్ చెప్పు," అన్నారట.

చెప్తున్నాను. అన్నయ్యగారు నీకు థాంక్స్ చెప్పారు.

రెండు ఆదివారాలుగా సభలో నీ మంచితనం గురించే మాటలు. గుమాస్తా నీకు సంబంధం చూస్తానంటున్నాడు.

నీ అక్క


మే 24

అక్కా,

నా జీవితంలో మొదటిసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని నిజం రాస్తే దాన్ని దయ అన్నారు. అబద్ధం రాసినప్పుడు విన్నవాడే రాశాడన్నారు. నన్ను మెచ్చుకోవద్దని చెప్పు. ఆ థాంక్స్ ముక్క చదివాక నేను బయటికి వెళ్లి లారీల వెనక నిలబడ్డాను.

జూన్ మొదటి వారం సెలవు పెట్టాను. కుర్చీతో సహా వస్తున్నాను. రంపం కూడా తెస్తాను.

తమ్ముడు


జూన్ 9

అక్కా,

క్షేమంగా చేరాను. స్టేషనుకు వస్తూ, లోపల ఏం జరిగిందని నువ్వు అడిగావు. నువ్వు వంటింట్లో కుళాయి విప్పి కూర్చున్నావు కాబట్టి నీకు వినబడలేదు. అప్పుడు జవాబు తప్పించుకోవడానికి నేను మూటలు సర్దుతున్నట్టు నటించాను. ఇప్పుడు రాస్తాను.

కుర్చీని గది మధ్యలో పెట్టాను. పక్కకి ఒరిగింది. బావ దాన్ని పట్టుకుని నిలబెట్టాడు, "చెక్క అచ్చం అలాగే ఉందోయ్," అన్నాడు. "అదే బావా," అన్నాను. "వాళ్లూ ఇలాంటి చెక్కే వాడతారన్నమాట," అన్నాడు. ఇక మాటలు పనికిరావని రంపం తీశాను. బావ కుర్చీని మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకున్నాడు, నేను రెండో కాలు కోశాను. సాయం కావాలా అని కూడా అడిగాడు. ముక్కలు అక్కడే అరగదీశాను. పాలిష్ లేదు, కింద గుడ్డ లేదు. పాతవి తీసేసి వీటిని పెట్టాను.

బావ పాట వేశాడు. కళ్లు మూసుకున్నాడు. నేను ఆ ముఖం చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి అలాగే కళ్లు మూసుకుని, "ఇవి ఇంకా బాగున్నాయోయ్. ఇంకా తేట..." అన్నాడు.

అక్కడ ఆగిపోయాడు. కళ్లు తెరిచి తన మోకాళ్ల వంక చూసుకున్నాడు. ప్యాంటు నిండా రంపపు పొట్టు ఉంది. పాట మొత్తం అయ్యేదాకా దాన్ని దులపలేదు. అది నవ్వాల్సిన ఘడియ అక్కా. దాని కోసమే మార్చి నుంచి కాచుకుని కూర్చున్నాను. బావ మెడ దాకా ఎర్రబడింది. నేను గోడ వైపు చూశాను.

"నాకు వినిపించిందిరా," అన్నాడు. ఎప్పుడూ ఏమోయ్ అనే మనిషి రా అన్నాడు. "నేను గొప్పకి చెప్పలేదు. నిజంగానే వినిపించింది."

"నాకు తెలుసు బావా."

"ఆయనకి వయసు మీద పడిందన్నాను. ఆయన ఇంటికెళ్లి, ఆయన కుర్చీలోనే కూర్చుని, నెమ్మదిగా నచ్చజెప్పి వచ్చాను."

చెప్పులు వేసుకున్నాడు. ఇద్దరం వెళ్లాం.

పెద్దాయన తలుపు తీశాడు. బల్ల మీద ఆ సూది యంత్రం ఉంది, పక్కన శ్రుతిదండం గుడ్డలో చుట్టి ఉంది. బావ గుమ్మంలోనే చెప్పేశాడు, అడ్డదిడ్డంగా, రెండుసార్లు మొదటి నుంచి ఎత్తుకుని. నేను కోసిన ముక్క చేతికిచ్చాను. ఆయన దాన్ని గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, బల్ల మీద పెట్టాడు. తిట్టలేదు. తిడతాడని నేను దారంతా సిద్ధపడి వచ్చాను. నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "అమ్మాయికి కూడా ముందే తెలుసా?"

బావ ఏదో అనబోతుంటే మోచేత్తో పొడిచి, నేను తెలియదన్నాను.

నీ పేరు ఎత్తనని నీకు మాట ఇచ్చాను కదా. ఆ ముసలాయన ముందు నువ్వెందుకు తల దించుకోవాలి అనుకున్నాను. ఆయన, "సరే బాబూ," అన్నాడు. మాకు మంచినీళ్లు ఇచ్చాడు. నీళ్లు తాగి వచ్చేశాం.

కనీసం నిన్ను మాత్రం ఇందులోంచి తప్పించగలిగాను.

తమ్ముడు


జూన్ 21

తమ్ముడూ,

నన్ను తప్పించలేదురా. ఆయన్ని మళ్లీ తోసేశావు.

నీ ఉత్తరం చదివాక కానీ నాకు అర్థం కాలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా ఆయన రాలేదు. మీ బావ రోజూ ఆ వీధి దాకా వెళ్లి తిరిగొస్తున్నారు. ముక్కలన్నీ తీసేశారు. పీటలు మాత్రం ఉంచారు, "అవి మీ తమ్ముడు చేసినవి కావుగా," అంటూ, నా వైపు చూడకుండా. పాట పెట్టి చాలా రోజులైంది.

బుధవారం నేనే అన్నయ్యగారి ఇంటికి వెళ్లాను. కూర్చోమన్నారు. నిలబడే ఉన్నాను. నేను అడగకుండానే ఆయన అన్నారు: "వాళ్లు ముగ్గురూ పాలిష్ చూసి మోసపోయారు, సరే. నువ్వు అలాంటిదానివి కాదు. నీకు సంగతి కూడా తెలియదని కుర్రాడు చెప్పాడు. నువ్వు విన్నావంటే అక్కడేదో ఉందమ్మా. చెక్క వల్ల కాకపోవచ్చు. నాకు అందనిది ఏదో ఉంది."

చూశావా, నీ దయ ఆయన్ని ఎక్కడ పెట్టిందో.

"నాకేం వినిపించలేదు అన్నయ్యగారూ," అన్నాను. "అవి కుర్చీకాళ్లని నాకు ముందే తెలుసు. మీరు అడిగినప్పుడు కూడా తెలుసు. మా తమ్ముడు అబద్ధం చెప్పాడు, నేనూ చెప్పాను."

ఆయన అడిగారు: "ఆ రోజు చెప్పబోయే ముందు ఒక్క క్షణం ఆగావు. అదేమిటి?"

"నవ్వు ఆపుకుంటున్నాను."

"నవ్వా," అన్నారు. "నేను నువ్వు జాగ్రత్తగా వింటున్నావనుకున్నాను."

ఒరేయ్, ఆయన నన్ను కొట్టినా బాగుండేది. ఇల్లు చేరేదాకా నేను ఎవరి ముఖమూ చూడలేదు. రాత్రి మీ బావకి ఆ మాట కూడా చెప్పాను, టీ గ్లాసు దగ్గర్నుంచి. ఈసారి తల నిమరలేదు. "మనిద్దరం ఒకటే," అన్నారు, అంతే.

మర్నాడు పొద్దున్నే అన్నయ్యగారే వచ్చారు. సంచీ భుజానికి ఉంది. లోపలికి రాలేదు. "బడి పియానో సగంలో ఉంది. నాతో రా అమ్మా. నువ్వేం చెప్పక్కర్లేదు. ఊరికే కూర్చో," అన్నారు. యంత్రం తేలేదు. ఎందుకు రమ్మన్నారో నాకు తెలియదు, అడిగే ముఖం నాకు లేదు. వెళ్లాను.

పిల్లలకి ఆ రోజు సెలవు. పెద్ద గది, కిటికీలన్నీ మూసి ఉన్నాయి, మేమిద్దరమే. నీకు తెలుసా, పియానో మీద వేలితో నొక్కే మెట్లలో చాలావాటికి లోపల మూడేసి తీగలుంటాయి. మూడూ ఒకే గొంతుతో పలకాలి. కాస్త తేడా ఉన్నా ఆ స్వరం వణుకుతుంది. ఆయన ఒక మెట్టు నొక్కారు, తీగ కొంచెం బిగించారు, మళ్లీ నొక్కారు. తర్వాత నా వైపు తిరిగారు. ఆయన కూర్చున్న బల్ల పాతది, తిరిగినప్పుడల్లా కిర్రుమంటుంది. ఇంకో మెట్టు. మళ్లీ కిర్రు. ప్రతిసారీ నా ముఖం చూస్తున్నారు. సరిగ్గా ఉందా లేదా అన్నది నా ముఖంలో వెతుకుతున్నారు.

తల దించేసుకున్నాను. నా ముఖంలో ఆయనకి ఏమీ దొరక్కూడదనుకున్నాను. సిగ్గుతో దించుకున్నాననుకుని ఉంటారు. అదీ నిజమే. కింద గచ్చు పలకలు చూస్తూ కూర్చున్నాను. ఒక స్వరం వణకడం నాకు స్పష్టంగా వినిపించింది తమ్ముడూ, ఈసారి నిజంగానే. ఆయన తీగ బిగిస్తుంటే ఆ వణుకు మెల్లగా సాగి సాగి, పోయింది. బాగుందని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. తల ఎత్తలేదు. బల్ల కిర్రుమంది, ఆగింది, మళ్లీ పియానో వైపు కిర్రుమంది.

మెడ నొప్పి పుట్టింది. ఎంతసేపో అలాగే ఉన్నాను. మెట్టు, తీగ, మెట్టు, బల్ల. మెట్టు, తీగ, మెట్టు, బల్ల. తర్వాత మెట్టు, తీగ, మెట్టు. వెంటనే పక్క మెట్టు. బల్ల చప్పుడు కోసం చూశాను. రాలేదు.

నీ అక్క